పులి తోలు గీయొచ్చు, ఎముకలు గీయలేం: ఆ చైనా సామెత మిమ్మల్ని అన్నదేనా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో మీది చిన్న దిగుమతి వ్యాపారం. చైనాలో గ్వాంగ్‌డాంగ్‌లోని ఒక ఫ్యాక్టరీ నుంచి సరుకు తెప్పించుకుంటారు. అక్కడి సేల్స్ అమ్మాయితో చాలాకాలంగా వాట్సాప్‌లో మాట్లాడుతున్నారు. ఈమధ్య ఆమె, తమ మేనేజర్ ఒకడు కస్టమర్ల లిస్టు పట్టుకుని వెళ్ళిపోయి సొంత కంపెనీ పెట్టుకున్నాడని చెప్పుకుని బాధపడి, చివర్లో ఒక సామెత పెట్టింది: "పులిని గీస్తే తోలు గీయగలం, ఎముకలు గీయడం కష్టం, మనిషి తెలుసు, ముఖం తెలుసు, మనసు తెలియదు." సరిగ్గా ముందు రోజే మీరు బ్యాలెన్స్ డబ్బుకు పదిహేను రోజులు గడువు అడిగి ఉన్నారు. అది మీకు తగలాలని అన్నదా, చైనావాళ్ళు అసలు ఎవరినీ నమ్మరా, ఏమని జవాబివ్వాలి అన్నది మీ టెన్షన్.

సూటిగా చెప్పాలంటే, అది మీ గురించి కాదు. ఈ సామెతను ఎదురుగా ఉన్న మనిషిని ఉద్దేశించి మామూలుగా అనరు. అక్కడ లేని మూడో మనిషి గురించి, అదీ దెబ్బ తిన్నాక అంటారు. ఆమె మీ ముందు అన్నదంటే మిమ్మల్ని తనవైపు మనిషిగా లెక్కేసుకుందని అర్థం. ఇక గడువు సంగతి వేరే లెక్క, దాని గురించి చివర్లో రాస్తాను.

నేను చైనీస్ ఇంటర్‌ప్రెటర్‌ని. మన తెలుగు వ్యాపారులకు గ్వాంగ్‌జౌ, యీవూ మార్కెట్లలో మాట సాయం చేయడం, ఇక్కడికొచ్చాక ఫోన్లలో బేరాలు తర్జుమా చేయడం నా పని. ఈ సామెత నా చెవిన పడని సంవత్సరం లేదు.

ముందు సామెత సంగతి. చైనీస్‌లో దాదాపు ఇలా వినిపిస్తుంది: "హువా హు హువా పీ నాన్ హువా గు, జ రెన్ జ మియెన్ బు జ షిన్." ఏడేసి అక్షరాల రెండు పాదాలు. మాటల్లో మొదటి పాదం ఎవరూ పెద్దగా వాడరు. "జ రెన్ జ మియెన్ బు జ షిన్" అని సగం అనేసి నిట్టూరుస్తారు, పులి సంగతి వినేవాడికి తెలిసే ఉంటుంది. యువాన్ వంశ కాలపు (1271–1368) నాటకాల్లోనే ఈ జంట పాదాలు పాత్రల నోట వినిపిస్తాయి. తర్వాత మింగ్, చింగ్ కాలాల్లో పిల్లలచేత బట్టీ పట్టించిన 'జెంగ్‌గ్వాంగ్ షియెన్‌వెన్' అనే సామెతల సంకలనంలోకి చేరి ఇంటింటికీ పాకింది. మన ఇళ్ళలో వేమన పద్యాలు ఎలా నోటికొస్తాయో అక్కడ ఈ పుస్తకంలో వాక్యాలు అలా నోటికొస్తాయి. ఎక్కడ చదివావంటే చాలామంది చెప్పలేరు, మా అమ్మమ్మ అనేది అంటారు.

ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు పడతారు. పులి అనగానే మనకు గోముఖ వ్యాఘ్రం గుర్తొస్తుంది, పైకి ఆవులా ఉండి లోపల పులిలా ఉండే దుర్మార్గుడు. ఈ సామెతలో పులి దుర్మార్గుడు కాదు. చిత్రకారుడి ముందున్న బొమ్మ, అంతే. చారలు, మీసాలు, తోక, కోపంగా చూసే కళ్ళు అన్నీ కుంచెకు అందుతాయి. ఆ తోలు కింద ఎముకల కట్టు ఎలా ఉందో అందదు. లోపల ఉన్నది చెడ్డదని సామెత అనడం లేదు. మంచిదో చెడ్డదో పైనుంచి చెప్పలేమంటోంది. మన మేడిపండు పద్యానికీ దీనికీ తేడా కూడా అక్కడే. మేడిపండు పొట్ట విప్పితే పురుగులు కనబడి లెక్క తేలిపోతుంది. పులి బొమ్మ విషయంలో అలా విప్పి చూసే వెసులుబాటు లేదు.

వాడుకలో ఇది నెమరువేసుకునే మాట, హెచ్చరిక తక్కువ. పక్కింటాయన్ని పోలీసులు పట్టుకెళ్ళారని తెలిసినప్పుడు, భాగస్వామి లెక్కలు తారుమారు చేశాడని బయటపడినప్పుడు, పెళ్ళి కుదిరిన అబ్బాయికి ముందే ఇంకో సంసారం ఉందని తేలినప్పుడు అంటారు. కుర్రకారు అయితే సినిమావాళ్ళ విషయంలో ఇంకో మాట అంటారు: "రెన్‌షె కూలిపోయింది" అని. జనానికి చూపించడానికి కట్టుకున్న వ్యక్తిత్వం కూలిపోయిందని భావం. రెంటిలోనూ మనిషిని ముందే ఎరిగి ఉండటం ఉంది. ముక్కూ మొహం తెలియనివాడి మీద ఈ సామెత వాడితే చైనావాళ్ళకే వింతగా ఉంటుంది. ముఖం తెలిసి ఉంటేనే కదా మనసు తెలియలేదని బాధపడేది!

ఇంకో విషయం. ఇంటి గుట్టు బయట పెట్టకూడదన్న పట్టింపు అక్కడ బలంగా ఉంటుంది, ఆఫీసు గుట్టుకూ అదే వర్తిస్తుంది. మేనేజర్ లిస్టు పట్టుకుపోయాడని విదేశీ కస్టమర్‌కు చెప్పడం కంపెనీకి పరువు తక్కువ. అయినా ఆమె మీకు చెప్పింది. పైగా ఆ వెళ్ళిపోయినవాడు రేపో మాపో మీకూ మెసేజ్ పెట్టి తక్కువ ధర చెప్తాడని ఆమెకు బాగా తెలుసు. కాబట్టి ఆ మాటల్లో మీకు ఏదైనా సూచన ఉందంటే, అది "వాడు ఫోన్ చేస్తే నమ్మకండి" అన్నదే.

అయితే ఒక మినహాయింపు చెప్పాలి. ఒకర్ని చూపించి ఇంకొకర్ని అనే విద్య మనకున్నట్టే వాళ్ళకూ ఉంది. మల్బరీ చెట్టును చూపిస్తూ పక్క చెట్టును తిట్టడం అని దానికో నానుడి. మేనేజర్ కథేమీ లేకుండా, మీరు గడువు అడిగిన వెంటనే ఈ సామెత ఒక్కటే వచ్చి ఉంటే నేనూ అనుమానించేవాణ్ణి. తేల్చుకోవడానికి ఆ తర్వాత ఆమె తీరు చూడండి. మునుపటిలా అదే రోజు జవాబిస్తోందా, ఫొటోలు అడిగితే పంపుతోందా, లేక ఉన్నట్టుండి అకౌంట్స్ వాళ్ళే మీతో మాట్లాడటం మొదలుపెట్టారా? అకౌంట్స్ నుంచి మర్యాదగా, పొడిపొడిగా మెయిల్ వచ్చిందంటే అప్పుడు ఆలోచించాలి. సామెత వచ్చినంత మాత్రాన కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: చైనావాళ్ళు ఎవరినీ నమ్మరా? ఇంటర్నెట్లో ఈ ఒక్క సామెత పట్టుకుని "చైనా తత్వం" అని వ్యాసాలు రాసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. అదే సంకలనంలో, మనుషులతో పదింట మూడు వంతుల మాటే చెప్పు, మనసంతా విప్పి పడేయకు అన్న వాక్యం ఉంది. పరిచయస్తులు లోకమంతా ఉన్నా మనసెరిగినవాళ్ళు ఎందరు అన్నదీ ఉంది. దాని పక్కనే, నీటి దగ్గర ఉంటే చేపల స్వభావం తెలుస్తుంది, కొండ దగ్గర ఉంటే పక్షి కూత తెలుస్తుంది అన్నదీ ఉంది. దూరం పోతేనే గుర్రం సత్తా తెలుస్తుంది, కాలం గడిస్తేనే మనిషి మనసు తెలుస్తుంది అన్న ప్రసిద్ధమైన మాటా అందులోదే. అన్నీ కలిపి చదివితే మనిషిని ఎరగడం అసాధ్యమని ఎక్కడా లేదు. ముఖం చూసి ఎరగలేవు, దగ్గరుండి కొంతకాలం చూడు అనే ఉంది.

దగ్గరుండి ఏం చూడాలి? దీని మీద చైనాలో రెండు వేల ఏళ్ళకు పైగా చర్చ నడిచింది. ప్రాచీన తాత్వికుడు జువాంగ్‌జి పేరు మీదున్న గ్రంథంలో కన్ఫ్యూషియస్ నోట ఒక మాట పెట్టారు: మనిషి మనసు కొండలకన్నా నదులకన్నా ప్రమాదం, ఆకాశాన్ని తెలుసుకోవడంకన్నా కష్టం. ఆకాశానికైనా వసంతం, శరత్తు, పగలు, రాత్రి అంటూ వేళలున్నాయి, మనిషి ముఖం మాత్రం మందపాటి తెర అంటాడు. అని ఊరుకోకుండా తొమ్మిది పరీక్షలు చెప్తాడు. దూరం పంపి విశ్వాసం చూడు, దగ్గర పెట్టుకుని మర్యాద చూడు, చిక్కు పని అప్పగించి సామర్థ్యం చూడు, ఉన్నట్టుండి ప్రశ్న అడిగి తెలివి చూడు, తొందర గడువు పెట్టి మాట నిలబెట్టుకుంటాడేమో చూడు, డబ్బు చేతికిచ్చి చూడు, ప్రమాదం ఉందని చెప్పి చూడు, తాగించి చూడు, ఆడా మగా కలిసి ఉన్నచోట కూర్చోబెట్టి చూడు.

తాగించి చూడమన్నది మాత్రం ఇప్పటికీ అమల్లో ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు విందుకు పిలిచి చిన్న గ్లాసుల్లో బైజ్యూ అనే ఘాటు సారా పోస్తూ "గాన్‌బే", అంటే గ్లాసు ఖాళీ చెయ్, అని మీద మీద పడతారు. దాంట్లో బయటపడేది లివర్ సత్తా మాత్రమేనని నా అభిప్రాయం. మందు తాగని మన వ్యాపారులు మొదట్లోనే "డాక్టర్ వద్దన్నాడు" అని టీ కప్పు ఎత్తితే ఎవరూ తప్పు పట్టరు.

తొమ్మిదింటికంటే నాకు బాగా ఉపయోగపడింది లీ క అనే ఆయన చెప్పిన ఐదు. యుద్ధ రాజ్యాల కాలంలో వెయ్ అనే రాజ్యానికి అధిపతి అయిన వెన్, ఇద్దరిలో ఎవరిని మంత్రిని చేయాలని ఈయన్ని అడిగాడు. లీ క పేరు చెప్పలేదు, కొలతలు చెప్పాడు. మామూలు రోజుల్లో ఎవరికి దగ్గరగా ఉంటాడో చూడు. చేతినిండా ఉన్నప్పుడు ఎవరికిస్తాడో చూడు. పదవిలో ఉన్నప్పుడు ఎవరిని పైకి తెస్తాడో చూడు. ఇరుకున పడ్డప్పుడు ఏ పని చేయనంటాడో చూడు. పేదవాడుగా ఉన్నప్పుడు ఏది తీసుకోనంటాడో చూడు. ఈ కథను ప్రాచీన చరిత్రకారుడు సిమా చియెన్ తన చరిత్ర గ్రంథంలో నమోదు చేశాడు. పదవి దక్కనివాడు లీ క మీద కోప్పడితే, దక్కినవాడు తన జీతంలో పదో వంతు మాత్రం ఇంట్లో వాడుకుని తొమ్మిది వంతులు బయట ఖర్చుపెట్టి పండితులను రాజు దగ్గరకు తెచ్చాడని లీ క జవాబు. గమనించారా, ఐదింటిలో చివరి రెండూ మనిషి చేయని పనుల గురించి. చేసే పనులు నలుగురికీ చూపించడానికైనా చేయొచ్చు. చేయకుండా మానేసినవి ఎవరికీ కనబడవు, అందుకే వాటికి విలువ ఎక్కువ.

దీనికి నా కళ్ళముందు జరిగిన కేసు ఒకటి చెప్తాను. బెజవాడ వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ వ్యాపారం చేసే ఒక పెద్దాయనకు గ్వాంగ్‌డాంగ్‌లో ఇద్దరు సప్లయర్లు ఉండేవారు. తలుపులకు వేసే మడతబందులు, అవే హింజెస్, ఇద్దరి దగ్గరా 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌లోనే కొనేవారు. మొదటాయన మాట తేనె. ఎయిర్‌పోర్టుకు కారు, రాత్రికి విందు, పండక్కి మనవరాలికి బొమ్మ. "పెంగ్యో, పెంగ్యో" అని, అంటే మిత్రమా అని, భుజం మీద చెయ్యి తీయడు. రెండోవాడు మొరటు మనిషి. కాగితం కప్పులో టీ ముందు పెట్టి, క్యాలిక్యులేటర్ మీద అంకె కొట్టి చూపించి, ఇష్టమైతే తీసుకో అన్నట్టు వేరే పనిలో పడిపోయేవాడు. పెద్దాయన బయటికొచ్చాక "ఏమయ్యా, వీడికి మనం బాకీ ఉన్నామా ఏమన్నా?" అని నామీద విసుక్కునేవారు.

2022 మార్చిలో లండన్ మెటల్ ఎక్స్‌చేంజ్‌లో నికెల్ ధర టన్ను లక్ష డాలర్లు దాటి, ఎనిమిదో తేదీన ట్రేడింగే ఆపేశారు. 304 గ్రేడ్‌లో దాదాపు ఎనిమిది శాతం నికెల్ ఉంటుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ సరుకు చేసే ప్రతివాడూ ఇరుకున పడ్డాడు. కోవిడ్ ఆంక్షల వల్ల అప్పుడు చైనా వెళ్ళి చూసే దారి లేదు. మాట్లాడిందంతా ఫోన్లోనే, మధ్యలో నేను. మొరటాయన తనే ఫోన్ చేశాడు. "పాత రేటుకు 304 ఇవ్వలేను. అడ్వాన్సు వెనక్కి తీసుకుంటారా, ధర దిగేదాకా ఆగుతారా, లేక కొత్త రేటు కడతారా, మీరే చెప్పండి" అన్నాడు. ఒక్క తీపి మాట లేదు. పెద్దాయన ఆగుతానన్నారు. తేనె మాటలాయన్ని అడిగితే, "మన స్నేహం ముందు నికెల్ ఎంత? పాత రేటుకే పంపిస్తా" అన్నాడు. పెద్దాయన పొంగిపోయారు.

తేనె మాటలాయన సరుకు చెన్నై రేవులో దిగి గోడౌన్‌కు చేరింది. డబ్బాలు విప్పితే ధగధగా మెరుస్తున్నాయి. 304కీ, చవకైన 201కీ కంటికి తేడా తెలియదు, అయస్కాంతం పెట్టినా నమ్మకంగా తేలదు. దానికి చిన్న టెస్టింగ్ ద్రావకం సీసా దొరుకుతుంది. లోహం మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలించి కొన్ని క్షణాలు ఆగాలి. 201లో మాంగనీస్ ఎక్కువ కాబట్టి చుక్క ఎర్రబారుతుంది, 304 అయితే అలా ఎర్రబడదు. పెద్దాయన కొడుకు వీడియో కాల్‌లో నాకు చూపిస్తూ ఒక్కో డబ్బాలోంచి ఒక్కో బందు తీసి చుక్క వేస్తున్నాడు. పైన పెట్టిన డబ్బాల్లో చుక్క తెల్లగానే ఉంది. అడుగు వరసల్లోకి వెళ్ళేసరికి ప్రతిదీ ఎర్రగా తిరిగింది.

ఆరోజు ఫోన్ పెట్టేముందు ఈ సామెతను చైనీస్‌లో అన్నది మాత్రం మేం కాదు. మొరటాయన ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ, విషయం విని అంది.

లీ క చెప్పిన నాలుగో కొలత ఇదే. సుఖంగా ఉన్న రోజుల్లో ఇద్దరూ 304 ఇచ్చారు, ఇద్దరూ నిజాయితీపరులే. ఇరుకున పడ్డప్పుడు ఒకడు ఒక పని చేయనన్నాడు, ఇంకొకడు చేశాడు. విందులు చూసి ఆ తేడా తెలుసుకునే మార్గం లేదు. మొరటుగా ఉండేవాళ్ళంతా నిజాయితీపరులని కూడా నేననను. మొరటుతనమూ తోలే.

డబ్బు చేతికిచ్చి చూడమన్న పరీక్ష నామీదే జరిగింది. ఫ్యాక్టరీలు ఇంటర్‌ప్రెటర్లకు, ఏజెంట్లకు చాటుగా కమీషన్ ఇవ్వడం ఆ లైన్లో అందరికీ తెలిసిన సంగతి, దాన్ని "హుయ్‌కౌ" అంటారు. అందుకని మన వ్యాపారులు మమ్మల్ని ఓ కంట కనిపెడుతూనే ఉంటారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన మార్కెట్లో నోట్ల సంచి నా చేతికిచ్చి, "బాబూ, కాస్త చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అని వెళ్ళి, ఎదురు వరస షాపులోంచి నన్నే గమనిస్తున్నాడు. నాకు తెలుస్తూనే ఉంది. జువాంగ్‌జి పేరు ఆయన విని ఉండడు, పరీక్ష మాత్రం అక్షరాలా అదే.

ఇక కాలం పరీక్ష. దీని మీద చైనావాళ్ళు ఎప్పుడూ ఉదహరించేది తాంగ్ కాలపు కవి బై జూయి పద్యం. 815లో ఆయన్ని రాజధాని నుంచి జియాంగ్‌జౌకు, అంటే ఇప్పటి జియుజియాంగ్‌కు, చిన్న ఉద్యోగం మీద గెంటేశారు. దారిలో రాసుకున్నాడు. పచ్చరాయిని పరీక్షించాలంటే మూడు రోజులు నిండా కాల్చాలి, కలప జాతి తేలాలంటే ఏడేళ్ళు ఆగాలి అంటాడు. తర్వాత ఇద్దరిని పక్కపక్కన నిలబెడతాడు. ఒకరు జౌ ప్రభువు. బాల రాజు తరఫున పాలిస్తుంటే, సింహాసనం కాజేస్తాడని సొంత అన్నదమ్ములే పుకార్లు పుట్టించారు. ఆయన మాత్రం రాజు పెద్దవాడవగానే అధికారం అప్పగించేశాడు. రెండోవాడు వాంగ్ మాంగ్. హాన్ వంశపు రాజమాతకు మేనల్లుడు, ఎంత అణకువ అంటే తల్లికి జబ్బు చేసి పెద్దింటి ఆడవాళ్ళు పరామర్శకు వస్తే, ముతక బట్టల్లో ఎదురొచ్చిన అతని భార్యను పనిమనిషి అనుకున్నారట. బానిసను చంపాడని కన్నకొడుకునే తన ప్రాణం తనే తీసుకునేలా చేశాడు. అలాంటివాడు క్రీ.శ. 9లో సింహాసనం తనే ఎక్కి హాన్ వంశాన్ని పక్కకు నెట్టాడు, 23లో తిరుగుబాటుదారుల చేతిలో చచ్చాడు. ఈ ఇద్దరూ ముందే చచ్చిపోయి ఉంటే ఎవరు అసలు, ఎవరు నకిలీ అన్నది ఎవరికి తెలిసేది అని కవి ప్రశ్న.

పద్యం గొప్పదే, కానీ నాకో అనుమానం ఉంది. వాంగ్ మాంగ్ గురించి మనకు తెలిసిందంతా అతన్ని కూలదోసి తిరిగి నిలబడ్డ హాన్ వంశం కింద రాసిన చరిత్ర నుంచే. భూముల పంపకం, బానిసల అమ్మకం నిషేధం లాంటివి అతను ప్రయత్నించాడు, అందుకని 20వ శతాబ్దంలో హూ షి లాంటి పండితులు అతన్ని సోషలిస్టు చక్రవర్తిగా చూశారు. అంటే కాలం గడిచినా తీర్పు తేలలేదు. కాలం ఎవరి చేతిలో కలం పెట్టిందన్నదీ లెక్కలోకి వస్తుంది.

చూసే కంటి సంగతి. సామెత చూడబడే మనిషి గురించే మాట్లాడుతుంది, చూసేవాడి గురించి కాదు. ఆ లోటు పూడ్చే కథ క్రీ.పూ. 239 ప్రాంతంలో లూ బువెయ్ సంకలనం చేయించిన గ్రంథంలో ఉంది. కన్ఫ్యూషియస్ పరివారం చెన్, త్సాయ్ రాజ్యాల మధ్య చిక్కుకుపోయింది. ఏడు రోజులుగా గింజ లేదు. గురువు పగటిపూటే నీరసంగా పడుకున్నాడు. ఆయనకు ప్రాణమైన శిష్యుడు యెన్ హుయ్ ఎక్కడో బియ్యం అడుక్కొచ్చి పొయ్యి మీద పెట్టాడు. ఉడకవస్తుండగా గురువు అటు చూస్తే, శిష్యుడు కుండలో చెయ్యి పెట్టి అన్నం తీసి నోట్లో వేసుకుంటున్నాడు. గురువు చూడనట్టే ఊరుకున్నాడు. వడ్డన వేళ లేచి కూర్చుని, "ఇప్పుడే మా నాన్నగారు కలలోకి వచ్చారు. అన్నం శుద్ధంగా ఉంటే ముందు ఆయనకు నైవేద్యం పెడదాం" అన్నాడు. యెన్ హుయ్ వెంటనే, "వద్దండీ, ఇందాక కుండలో మసి పడింది. అన్నం పారేయడం మంచిది కాదని ఆ మెతుకులు నేనే తీసి తినేశాను" అన్నాడు.

అప్పుడు గురువు అన్నదాని సారం ఇది: మనం నమ్మేది కళ్ళను, కళ్ళూ నమ్మదగ్గవి కావు, ఆధారపడేది మనసు మీద, అదీ చాలదు, మనిషిని ఎరగడం నిజంగా తేలిక కాదు, గుర్తుంచుకోండి. కన్ఫ్యూషియస్ పోయాక రెండు వందల ఏళ్ళు దాటాక రాసిన కథ కాబట్టి ఇది జరిగిందని ఎవరూ పూచీ పడరు. అయినా ఆ నైవేద్యం మాట చూడండి, ఎంత చాకచక్యం! తిన్నావా అని నిలదీయలేదు. తిన్నవాడు నిజం చెప్పడానికి, తప్పు లేకపోతే ఆ సంగతి తేలడానికి, పరువు పోకుండా ఒక దారి ఇచ్చాడు. చైనాలో సప్లయర్‌ను నిలదీయాల్సి వచ్చినప్పుడు నేను నా క్లయింట్లకు చెప్పే పద్ధతి ఇదే. "మీరు 201 కలిపారు" అని మొదలుపెడితే అవతలివాడు పరువు కోసం చివరిదాకా కాదనే అంటాడు. "ఈ లాట్‌లో మీ స్టీల్ సప్లయర్ మిమ్మల్ని మోసం చేసినట్టున్నాడు, కాస్త కనుక్కోండి" అంటే తేనె మాటలాయన కూడా దారికొచ్చి, తర్వాతి ఆర్డర్‌లో సగం తగ్గించి ఇచ్చాడు. పెద్దాయన ఆ తర్వాత అతని దగ్గర కొనలేదనుకోండి, అది వేరే సంగతి.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను.

ఆమెకు జవాబుగా అదే సామెత తిప్పి పంపకండి, వెటకారంలా ఉంటుంది. "నేను అలాంటివాణ్ణి కాదు" అని సంజాయిషీ అసలే వద్దు. ఎవరూ అనకుండానే భుజాలు తడుముకున్నట్టు అవుతుంది. "ర జియు జియెన్ రెన్ షిన్" అని పెట్టండి. కాలం గడిస్తే మనిషి మనసు కనబడుతుందని అర్థం. వెళ్ళిపోయిన మేనేజర్‌కూ అది సరిపోతుంది, మీ స్నేహానికీ సరిపోతుంది, ఏది తీసుకోవాలన్నది ఆమె ఇష్టం. వెనకే "ఆ మేనేజర్ నన్ను సంప్రదిస్తే మీకు చెప్తాను" అని ఒక్క ముక్క కలపండి. చెప్పడం ఇష్టం లేకపోతే మాత్రం ఆ మాట ఇవ్వకండి.

గడువు విషయం ఆమెతో స్నేహం మీద నడిపించొద్దు. చిన్న ఆర్డర్లకు మామూలు పద్ధతి ముప్పై శాతం అడ్వాన్స్, మిగతా డెబ్బై బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడెక్కిందని ఇచ్చే పత్రం, కాపీ చూశాక. దాన్ని దాటి అప్పు ఇవ్వాలంటే ఆమె చేతిలో ఏమీ ఉండదు, యజమాని సంతకం కావాలి. కొంత పెద్ద ఫ్యాక్టరీలైతే సైనోష్యూర్ అనే ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ దగ్గర కొనేవాడి మీద లిమిట్, అంటే ఇంత అప్పు వరకు బీమా ఉంటుందన్న హద్దు, తీసుకుని గడువు ఇస్తాయి. మీ కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ వివరాలు, బ్యాంకు వివరాలు అడిగితే అనుమానించారని బాధపడకండి, ఆ లిమిట్ కోసమే అడుగుతారు. ఆ దారి ఉందా అని మీరే ముందుగా అడిగితే ఇంకా మంచిది, ఆమె పని తేలికవుతుంది. వాళ్ళ కొత్త సంవత్సరానికి ముందు నెలలో మాత్రం ఈ ప్రస్తావన తేవద్దు. కార్మికులకు జీతాలు, బోనస్‌లు, ముడిసరుకు బాకీలు అన్నీ అప్పుడే తీర్చాలి కాబట్టి ఏ ఫ్యాక్టరీ దగ్గరా నగదు ఉండదు. పండగ అయి, పనివాళ్ళు తిరిగొచ్చి, కొత్త ఆర్డర్ల కోసం వాళ్ళే మీకు ఫోన్ చేసినప్పుడు అడగండి.